అండానికి సర్కారీ తేదీ

జనాభా తగ్గిపోతోందన్న బెంగతో నిద్రాహారాలు మానేసిన కుటుంబాభివృద్ధి మంత్రిగారు విలేఖరులను పిలిచి చారిత్రక ప్రకటన చేశారు.

"ఇక ప్రతినెలా పద్నాలుగో తేదీ అండం విడుదల దినం. పెళ్లయిన ఉద్యోగులందరికీ ఆ రోజు సెలవు!"

నిపుణుల సమావేశంలో ఒక డాక్టరమ్మ చెప్పింది 'సుమారు పద్నాలుగో రోజు' అని. మంత్రిగారు 'సుమారు'ను కొట్టేసి, 'రోజు'ను తేదీ చేశారు. పాలనాదక్షత అంటే అదే.

ఆ ఉత్తర్వు టైపు చేసిన టైపిస్టు పెళ్లయి ఆరేళ్లుగా బిడ్డ కోసం ఎదురుచూస్తోంది. భర్త ఉద్యోగం వేరే ఊళ్లో. అనుమానమొచ్చి ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్లింది.

"తేదీ కాదమ్మా, నెలసరి మొదలైన రోజు నుంచి లెక్క. అదీ అందరికీ ఒకటి కాదు. నీకు నెలసరి ఆలస్యం కాబట్టి అండమూ ఆలస్యమే. విడుదలయ్యాక ఒక్కరోజు మించి బతకదు. ఆ రోజూ, దానికి ముందు నాలుగైదు రోజులూ మాత్రమే మీకు కీలకం. రెండో గీత ముదురుగా వస్తే ఒకట్రెండు రోజుల్లో అండం విడుదలైనట్టే," అంటూ మూత్రంతో చూసుకునే పరీక్ష పట్టీలు చేతిలో పెట్టింది.

ఒక ఉదయం పట్టీ మీద రెండో గీత ముదురుగా తేలింది. టైపిస్టు ఉరుకుల పరుగుల మీద సూపరింటెండెంటు ముందు నిలబడింది.

"సార్, సెలవు కావాలి. మా ఆయన దగ్గరికి వెళ్లాలి."

"పద్నాలుగున ఇచ్చాంగా?"

"అప్పటికి విడుదల కాలేదండీ."

"ప్రభుత్వం ప్రకటించాక కూడానా?"

"నా శరీరం అలాంటిదండీ..."

"మంత్రిగారి ఉత్తర్వును సవరించే అధికారం మీ శరీరానికి లేదమ్మా."

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి, కళ్లు తుడుచుకుని, జ్వరమని సెలవుచీటీ రాసి తెచ్చిచ్చింది. ఆయన తలెత్తకుండా సంతకం పెట్టాడు. ఆ పూటే బస్సెక్కింది.

కొన్నాళ్లకు ఆమె నెల తప్పిందన్న కబురు ఆఫీసంతా పాకింది. పథకం కింద తొలి గర్భం! వెంటనే అభినందన సభ పెట్టారు. మంత్రిగారు స్వయంగా పూలగుత్తి ఇచ్చి మైకు అందించారు.

"చెప్పమ్మా, మన పద్నాలుగో తేదీ మహిమ!"

అబద్ధమాడదామనే లేచింది. కానీ ఎదురుగా తనలాంటి ఆడవాళ్లు ఆశగా చూస్తున్నారు.

"పద్నాలుగు కాదండీ. ఆ నెల నాకు ఇరవై రెండైంది. ఎవరి లెక్క వాళ్లదే..."

సూపరింటెండెంటు మొహంలో నెత్తురుచుక్క లేదు. మంత్రిగారు క్షణం ఆలోచించి మైకు లాక్కున్నారు.

"విన్నారా! ప్రజల మాటకు విలువిచ్చే ప్రభుత్వమంటే ఇదీ!"

చప్పట్లు మారుమోగాయి.

మర్నాడు ఆమె బల్ల మీదికి కొత్త ఉత్తర్వు టైపుకు వచ్చింది. "అండం విడుదల దినం ఇకపై ఇరవై రెండో తేదీ. పాత తేదీనే విడుదల చేయదలచినవారు తగిన కారణాలు చూపి, పైఅధికారి ముందస్తు అనుమతి పొందవలెను."