పెనం ముందు చెప్పవలసిన మాటలు

మీ ఇంట్లో ఎవరికైనా చేదు కబురు చెప్పవలసి ఉందా? పెద్దమనుషులు, మధ్యవర్తులు ఎవరూ అక్కర్లేదు. తిన్నగా జపాన్ హోటల్‌కి తీసుకెళ్ళండి. మనిషి నోరు మూయించడానికి ఇంతకు మించిన ఏర్పాటు ఈ భూమ్మీద లేదని నేను అనుభవం మీద చెబుతున్నాను.

నేను చదువుకున్నవాణ్ణి కాను. బడికి తొందరగా దండం పెట్టేసి, సోఫాలకూ కారు సీట్లకూ కవర్లు కుట్టే పనిలో పడ్డవాణ్ణి. అంతమాత్రాన నా మాట కొట్టిపారేయకండి. ఈ ఒక్క విషయంలో నాకు దొరికిన శిక్షణ పెద్ద పెద్ద డిగ్రీలవాళ్ళకు కూడా దొరికి ఉండదు.

తెలియనివాళ్ళ కోసం కాస్త వివరం. ఆ హోటల్లో రెండు భాగాలు. ఒక పక్క సుషీ. అంటే చల్లటి అన్నం ముద్ద మీద పచ్చి చేప ముక్కను పడుకోబెట్టి, పొయ్యి వెలిగించిన పాపాన పోకుండా మన ముందు పెట్టేది. రెండో పక్క హిబాచీ. ఇక్కడ అంతా పొయ్యే. మంచమంత ఇనప పెనం, దాని చుట్టూ మూడు వైపులా కుర్చీలు, నాలుగో వైపు పొడుగు టోపీ పెట్టుకున్న వంటాయన. మనం నలుగురం వెళితే మనకో బల్ల విడిగా ఇస్తారనుకోకండి. మిగిలిన కుర్చీల్లో ఊరూ పేరూ తెలియని మరో నలుగురిని తెచ్చి కూర్చోబెడతారు. భోజనం అయ్యేదాకా వాళ్ళ మోచెయ్యి మన మోచేతికి తగులుతూనే ఉంటుంది.

అసలు కిటుకంతా ఆ నలుగురిలోనే ఉంది! పరాయివాళ్ళ ముందు మనిషి ఎంత మర్యాదస్తుడైపోతాడో మీకు తెలియనిది కాదు. సొంత పెళ్ళాం మీద, సొంత బావమరిది మీద లేచే గొంతు, పక్కన సూపు జుర్రుకుంటున్న ఒక ముసలాయన ఉంటే లేవనే లేవదు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నాకివేమీ తెలియవు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు మా ఆవిడ, "ఆదివారం సరదాగా జపాన్ హోటల్‌కి వెళ్దామండీ" అంటే పొంగిపోయాను. మా అమ్మాయి సరేనంది. నాలుగు రోజులుండి పోతానని వచ్చిన మా బావమరిది అందరికంటే ముందు చెప్పులు వేసుకున్నాడు. వంటాయన వచ్చి రెండు అట్లకాడలు టకటకలాడించాడు. పెనం మీద నూనె కుమ్మరించి భగ్గున మంట లేపాడు. నా కనుబొమలు చుర్రుమన్నాయి. సరిగ్గా అదే క్షణంలో మా ఆవిడ నా చెవి దగ్గర ఏదో అంది. మంట తగ్గింది, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు, పదిమందితో పాటు నేనూ కొట్టాను.

"చూశావురా, నేను చెప్పలా? మీ బావ ఏమీ అనరు" అంది మా ఆవిడ తమ్ముడితో.

"బావ మనసు వెన్న అక్కా" అన్నాడు వాడు, నా ప్లేటులోంచి ఒక రొయ్య తీసుకుంటూ.

సంగతేమిటయ్యా అంటే, వాడు ఇక నుంచి మా ఇంట్లోనే ఉంటాడు. నేను చప్పట్లు కొట్టి మరీ ఒప్పుకున్నాను. కాదనడానికి వీల్లేదు, బల్ల నిండా సాక్షులు.

రెండోసారి కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకునే వెళ్ళాను. అదే వంటాయన, అవే అట్లకాడలు, అదే మంట. ఉల్లిపాయ చక్రాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో నూనె పోసి అంటించి, "ఇదిగో అగ్నిపర్వతం" అన్నాడు. గుడ్డును అట్లకాడ మీద బొంగరంలా తిప్పి, గాల్లోకి ఎగరేసి, టోపీలో పట్టుకున్నాడు. కిందటిసారి ఎక్కడ నవ్వామో అందరం మళ్ళీ అక్కడే నవ్వాం. ఈసారి మాత్రం మా ఆవిడ మాట స్పష్టంగా వినబడింది.

"తమ్ముడి మంచానికి చోటు చాలడం లేదని, హాల్లో మీ కుర్చీ పాత సామాన్లవాడికి ఇచ్చేశామండీ."

అది మామూలు కుర్చీ కాదు. నా చేతులతో స్ప్రింగులు బిగించి, నా వీపు కొలతకు స్పాంజి కోసి, ఒక్క ముడత లేకుండా రెక్సిన్ తొడిగిన కుర్చీ. తిడదామని నోరు తెరిచాను. ఆ తెరిచిన నోరు చూసి వంటాయన, విసిరిన రొయ్యను నోటితో పట్టే ఆటకు నేను తయారుగా ఉన్నాననుకున్నాడు. అట్లకాడతో ఒక రొయ్య ముక్క విసిరాడు. అది వచ్చి సూటిగా నా గొంతులో పడింది. ఆ నెలలో అంత ఒడుపుగా పట్టినవాళ్ళు లేరట. పక్క కుర్చీలో ఎవరో నా భుజం తట్టారు. అభినందనలు అందుకుంటూ మనిషి ఎలా తిట్టగలడు, మీరే చెప్పండి?

ఇంత గొప్ప సాధనాన్ని ఒక్క హోటళ్ళకే వదిలేయడం నాకు న్యాయంగా తోచడం లేదు. ప్రతి ఆఫీసులో మేనేజరు గదిలో ఒక పెనం వేయించాలి. ఉద్యోగం పోయిందన్న మాట, ఉల్లిపాయ అగ్నిపర్వతం పొగలు కక్కుతున్నప్పుడు చెప్పాలి. ఇల్లు ఖాళీ చెయ్యమనే యజమానులు వెంట ఒక వంటాయనను తెచ్చుకోవాలి. కోర్టుల్లో తీర్పు చదివేటప్పుడు జడ్జిగారి పక్కన ఒకాయన గుడ్డు ఎగరేస్తూ ఉంటే, ఓడినవాడు కూడా ఈల వేసుకుంటూ ఇంటికి పోతాడు. దేశంలో సగం గొడవలు చల్లారకపోతే నన్నడగండి.

మూడోసారి హిబాచీ బల్లలన్నీ నిండిపోయి, మమ్మల్ని సుషీ వైపు కూర్చోబెట్టారు. ఇక్కడ మంట లేదు కదా, ఇవాళ నాకు ప్రమాదం లేదనుకున్నాను. ఎంత అమాయకుణ్ణి! ప్లేటు మూల ఒక పచ్చముద్ద పెడతారు. గోరంత నాలిక మీద వేసుకుంటే ముక్కు లోపల నిప్పంటుకుని కళ్ళు ధారలు కడతాయి. మా ఆవిడ దాన్ని వేసుకుని, కొంగుతో కళ్ళొత్తుకుంటూ అంది.

"నా మోకాలికి ఆపరేషన్ చెయ్యాలన్నాడండీ డాక్టరు."

"ఎప్పుడన్నాడు?"

"చాన్నాళ్ళయింది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే మీరు వెళ్ళి ఆ డాక్టర్ని తిడతారు. మంచి డాక్టరు."

ఆ కన్నీళ్ళు మోకాలివో, పచ్చముద్దవో నాకు ఇప్పటికీ తెలియదు. ఏడుస్తున్న మనిషిని ఏడుస్తున్నట్టు కనబడనీయని పదార్థం ప్లేటుకొకటి ఉచితంగా ఇస్తున్నారంటే, ఆ హోటల్‌వాళ్ళ దూరదృష్టికి నమస్కారం పెట్టాలా వద్దా? ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడ ఇప్పుడు నాకంటే వేగంగా నడుస్తోంది.

అప్పటినుంచి మా ఇంట్లో 'జపాన్' అన్న మాట వినబడితే చాలు, ఇంట్లో నావి ఏమేం మిగిలాయో లెక్కపెట్టుకుంటాను. అందుకని మొన్న బుధవారం మా ఆవిడ కూరగాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా, "ఆదివారం జపాన్ హోటల్‌కి వెళ్దామా అండీ" అన్నప్పుడు, కబురేమిటో నాకు తెలిసిపోయింది. ఈసారి మా అమ్మాయి వంతు.

మా షాపులో రెండు కుట్టుమిషన్లు. ఒకటి నాది. కిటికీ పక్కన వెలుతురు బాగా పడేది మా అమ్మాయిది. సోఫా అంచుకు అది పైపింగ్ పట్టీ కుడితే స్కేలు పెట్టి గీత గీసినట్టుంటుంది. "అమ్మాయి చేత కుట్టించండి" అని ఈ మధ్య జనం నా మొహం మీదే అడుగుతున్నారు. ఆ మాటకు నేను పైకి విసుక్కుంటాను. లోపల ఏమవుతుందో మీకెందుకు లెండి. కొన్నాళ్ళుగా ఫోను మోగితే మిషన్ ఆపి వీధిలోకి వెళ్ళి మాట్లాడుతోంది. పోయిన వారం తన కత్తెరకు పదును పెట్టించుకుని, షాపు సొరుగులో కాకుండా తన సంచిలో వేసుకుంది. కుట్టుపనివాళ్ళు సొంత కత్తెర సంచిలో వేసుకున్నారంటే ఆ షాపులో వాళ్ళ రోజులు అయిపోయినట్టే. ఈ సంగతి ఈ పనిలో ఉన్న ఎవణ్ణడిగినా చెబుతాడు.

కానీ మా వాళ్ళకు ఒక్కటి తట్టలేదు. కబురు చెప్పడానికి ఏ హోటల్ పనికొస్తుందో, కబురు చెప్పనివ్వకుండా చెయ్యడానికీ ఆ హోటలే పనికొస్తుంది.

ఆదివారం ఉత్సాహంగా తయారై వెళ్ళాను. మా పక్కన ఒక ముసలి దంపతులు, ఆ పక్కన ఇద్దరు బ్యాంకు గుమాస్తాలు. వంటాయన బండి తోసుకుంటూ వచ్చి, తలవంచి, మొదలెట్టాడు. మంట అయింది. చప్పట్లయ్యాయి.

"నాన్నా, నీతో ఒక మాట..." అంది మా అమ్మాయి.

"మాస్టారూ, ఆ మంట ఇంకోసారి" అన్నాను.

వంటాయన మొహం వెలిగిపోయింది. ఇంకోసారి లేపాడు.

"అది కాదు నాన్నా..."

"మాస్టారూ, అగ్నిపర్వతం."

ఉల్లిపాయలు లేచాయి, పొగ లేచింది. గుడ్డు తిప్పించాను. టోపీలో వేయించాను. ఇంకో గుడ్డు తిప్పించాను. వేపుడన్నాన్ని గుండె ఆకారంలో పేర్పించి, కింద అట్లకాడ పెట్టి కొట్టుకునేలా చేయించాను. ముసలాయన సంబరపడిపోయి నాకు వంత పాడాడు. గుమాస్తాలు ఫోన్లు తీసి వీడియో పట్టారు.

"ఏంటక్కా, బావకి ఇవాళ ఇంత హుషారు?" అన్నాడు మా బావమరిది.

"నువ్వు నోర్మూసుకుని తిను" అంది మా ఆవిడ. ఆవిడకు అర్థమైనట్టే ఉంది.

"మాస్టారూ, మరో గుడ్డు" అన్నాను.

వంటాయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. "సార్, మీలాంటి రసికులు దొరకడం మా అదృష్టం. కానీ బండిలో గుడ్లు అయిపోయాయి. ఇంకో మంట లేపితే మా మేనేజరు నన్ను ఇంటికి పంపిస్తాడు." పెనం గీకి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ తలవంచి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

అందరి ప్లేట్లూ ఖాళీ. నేను ఖాళీ సూపు గిన్నె ఎత్తి తాగాను.

"నాన్నా, బస్సుల సీట్లు కుట్టే కంపెనీలో నన్ను తీసుకున్నారు" అంది మా అమ్మాయి. "ఒక సెక్షన్ మొత్తం నాకే అప్పగిస్తారట. దూరం నాన్నా. అక్కడే ఉండాలి. వచ్చే నెలలో రమ్మన్నారు."

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, లేవకుండా. బావమరిది నీళ్ళ గ్లాసు నాకు అందకుండా దూరం జరిపాడు. ముసలావిడ నోట్లో ముక్క నమలడం ఆపింది. గుమాస్తాలు పెనం వైపు చూస్తూ కూర్చున్నారు.

"మంచిదమ్మా" అన్నాను.

"అదృష్టవంతులండీ మీరు" అన్నాడు ముసలాయన.

"చూశావా, అనవసరంగా హడలిపోయావు" అంది మా ఆవిడ అమ్మాయితో.

"అరుస్తావనుకున్నా నాన్నా" అంది అమ్మాయి. దాని మొహంలో అంత నిశ్చింత ఈ మధ్య నేను చూడలేదు. ఇంటికి రాగానే పాట కూనిరాగం తీస్తూ అటక మీది పెట్టె దించి దులిపింది. నెల ముందే! ఇంక దాని దగ్గరికి వెళ్ళి ఏం మాట్లాడతాం?

అయ్యా, మీరు చూశారు కదా. ఒక్క అరుపు లేదు, ఒక్క గ్లాసు పగల్లేదు. నేను అరుస్తానని మా వాళ్ళు అంత శ్రమపడి, అంత దూరం తీసుకెళ్ళి, పరాయివాళ్ళను చుట్టూ కూర్చోబెట్టి చెప్పించారు. పాపం, వాళ్ళ లెక్క ఒక్కచోటే తప్పింది. అదే మాట అది ఇంట్లో, వంటగది గుమ్మంలో నిలబడి చెప్పి ఉంటే, నేను అరిచేవాణ్ణి కాదు. 'ఉండిపోకూడదా తల్లీ' అని అడిగేవాణ్ణి.

అది నలుగురి మధ్య కూర్చుని అడిగే మాట కాదు.