కటింగ్ మాస్టరు ఇంజక్షన్లు

భార్య స్నానం ముగించేలోగా ఇంజక్షన్ పొడుచుకుని, సిరంజిని గుడ్డపీలికల సంచిలో దాచేసి, ఏమీ ఎరగనట్టు కాఫీ తాగాలన్నది కటింగ్ మాస్టరు ఆ ఉదయపు పథకం. పెళ్లయి మూడేళ్లయినా పిల్లల్లేరు. మగ హార్మోన్ ఎక్కిస్తే అంతా చక్కబడుతుందని జిమ్ము కోచ్ చెవిలో ఊదాడు. కండలైతే పొంగాయి. ఊరందరికీ కొలతకు చొక్కాలు కుట్టే మనిషికి తన చొక్కా మాత్రం వారానికొకటి చంకల్లో పిగులుతోంది. పిల్లల ఊసే లేదు.

ఆ రోజే భార్య గుండీ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. సిరంజి బయటపడింది.

"ఇదేంటండీ?"

నిజం నోటిదాకా వచ్చి జారుకుంది. "షుగరు. బెంగపడతావని చెప్పలేదు."

అంతే, కొంప మునిగింది. మధ్యాహ్నానికి అత్తగారు దిగింది. పంచదార డబ్బా మాయమైంది. అల్లుడు తీపి దాచుకుంటాడేమోనని ఆవిడ అతని జేబులు కూడా తడిమింది. మర్నాడు కూతుర్నీ వెంటబెట్టుకుని అతన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. షుగరు జబ్బు లేదని తేలాక సిరంజి సంగతి కక్కక తప్పలేదు. డాక్టరమ్మ మరికొన్ని పరీక్షలు రాసింది. ఫలితాలు చూసి కళ్లజోడు తీసింది.

"బయట్నుంచి క్యారేజీ వస్తుంటే ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారయ్యా? మీ వృషణాలు హార్మోన్ తయారుచేయడం మానేశాయి. వీర్యకణం ఒక్కటీ లేదు. పిల్లల కోసమని పిల్లల దారే మూసుకున్నారు."

ఇంజక్షన్లు మానేస్తే చాలామంది కోలుకుంటారని, ఎప్పటికో మాత్రం చెప్పలేనని అంది. భార్యకు కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది.

ఇంజక్షన్లు ఆగాయి. లోపలి పొయ్యి ఇంకా అంటుకోలేదు. హార్మోన్ అడుగంటి కండలు వాడిపోయాయి, మాస్టరు దారం తెగినా ఏడవడం మొదలెట్టాడు. ఓ పెళ్లికొడుకు కోటుకు కొలతలు తీస్తూ, "నువ్వైనా సుఖంగా ఉండు నాయనా" అని అతని భుజమ్మీద పడి భోరుమన్నాడు. పెళ్లికూతురి గురించి ఏం తెలుసో చెప్పి తీరాలని పెళ్లికొడుకు పట్టుబట్టాడు. సాయంత్రానికి రెండు కుటుంబాలూ షాపులో చేరాయి. ఓనరు వాళ్ల కాళ్లావేళ్లా పడి పంపించి, మాస్టరును సెలవు మీద ఇంటికి తోలాడు. జాలిపడ్డ అత్తగారు, ఇంకా అలిగి ఉన్న కూతురికి తెలియకుండా అతని కాఫీలో రెండు చెంచాల పంచదార వెయ్యసాగింది.

నెలలు గడిచాయి. పరీక్షల్లో అంకెలు మెల్లగా లేచాయి, ఏడుపూ సద్దుమణిగింది. ఒక ఉదయం భార్య అతన్ని పక్కకు పిలిచి, తనకు నెల తప్పిందని, పరీక్ష చేసి చూసుకున్నానని చెప్పింది. మాస్టరు గోడకు చేరగిలబడి వెక్కి వెక్కి ఏడవసాగాడు. ఎంత బుజ్జగించినా ఆగడే. హార్మోన్ మళ్లీ పడిపోయిందని హడలిపోయి, ఆమె అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ రక్తం తీయించి, రిపోర్టు రెండుసార్లు చూసింది.

"హార్మోన్ లక్షణంగా ఉందమ్మా. ఈ ఏడుపు ఆయన సొంతం."