తాళం పడిన నీళ్ల ఆఫీసు

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం మాత్రమే నడిచే ఆఫీసు ఒకటుండేది. పేరు నీళ్ల ఆఫీసు. పన్నెండుమంది కోతి కూలీలు ఏటినుంచి కడవలతో నీళ్లు మోసుకొచ్చి అడవిలోని తొట్లన్నీ నింపేవాళ్లు. తొలకరి పడగానే ఆఫీసు మూసెయ్యాలి.

దానికి అధికారి ధవళయ్య అనే కొంగ. తెల్లగా, సన్నగా, ఒంటికాలి మీద నిలబడి ఏదో పెద్ద ఆలోచనలో ఉన్నట్టు కనిపించేవాడు. నిజానికి ఆలోచన ఒక్కటే: చేపల చెరువు! అక్కడ అధికారి పదవి ఖాళీగా ఉంది. "తొలకరి పడ్డ మర్నాడు మధ్యాహ్నంలోగా ఆఫీసు మూసి చూపించు, చెరువు నీదే" అన్నాడు మృగరాజు. ఆ మాట విన్నప్పటినుంచి పాపం ధవళయ్యకు నోట్లో నీళ్లూరడం ఆగలేదు.

తొలకరి దంచి కొట్టింది. మర్నాడు పొద్దున్నే ధవళయ్య తాళం పట్టుకున్నాడు. సామాన్ల గది చూసే తాబేలు కూర్మమ్మ అడ్డొచ్చింది.

"అయ్యగారూ, కోతులు ఇంకా ఏటి దగ్గరే ఉన్నారండీ. గంట కొట్టి పిలవాలి. ఒక్కొక్కరి దగ్గరా కడవ తీసుకోవాలి. పన్నెండోవాడు వచ్చాకే తలుపు."

"వాడొచ్చేసరికి నా చేపలు ముసలివైపోతాయమ్మా! తాళం చూస్తే వాళ్లకే తెలుస్తుంది."

"తెలియదండీ. గంట మోగేదాకా ఎవరు చెప్పినా ఆగకూడదని మీరేగా ఒట్టు వేయించుకున్నారు!"

"అబ్బ! నీ నడక లాగే ఉంది నీ బుర్ర" అని ధవళయ్య తాళం బిగించేశాడు. గంట లోపలే ఉండిపోయింది.

ఆఫీసు ముందు పందిరి వేశారు. మృగరాజు జూలు దువ్వుకుని వచ్చాడు. నెమలి ఆడింది. గాడిద పాడింది, ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. "ఇక దీనితో పని లేదు!" అంటూ రాజు తాళంచెవిని పక్కనున్న మడుగులోకి విసిరాడు. చప్పట్లు మోగాయి. దండ కోసం ధవళయ్య ఉన్న మెడను ఇంకాస్త సాగదీశాడు.

సరిగ్గా అప్పుడే మొదటి కోతి వచ్చాడు. తొట్లన్నీ వాననీళ్లతో నిండిపోయాయి. తొట్లు నిండితే కడవ తెచ్చి ఆఫీసు గుమ్మంలో పొయ్యాలని నియమం. రాసింది ధవళయ్యే. పోశాడు. రెండోవాడు పోశాడు. మూడోవాడు పోసేసరికి మొదటివాడు మళ్లీ వచ్చాడు. అసలే అది పల్లపు నేల. చూస్తుండగానే నీళ్లు రాజుగారి పొట్టదాకా వచ్చాయి. గాడిద మాత్రం ఇంకా పాడుతూనే ఉంది.

"ఆపండ్రా!" అని ధవళయ్య అరిచాడు.

"తమరెవరండీ?" అన్నాడు కోతుల పెద్ద గంగులు.

"నేనురా, అధికారిని!"

"ఆఫీసు మూసేశారటగా? ఆఫీసే లేనప్పుడు అధికారి ఎక్కణ్ణుంచి వచ్చాడండీ? గంట మోగితే ఆగుతాం" అని గంగులు తన కడవను సరిగ్గా రాజుగారి నెత్తిన కుమ్మరించాడు.

ధవళయ్యకు చెరువులో చేపలన్నీ ఒక్కొక్కటే తనకు చెప్పకుండా వెళ్లిపోతున్నట్టనిపించింది. పరుగున వెళ్లి తాళంచెవి కోసం మడుగంతా ముక్కుతో గాలించాడు. ఒక కప్ప, రెండు నత్తలు దొరికాయి. అలవాటు కొద్దీ మింగేశాడు కూడా. మడుగు మధ్యలో లోతు ఎక్కువ, అతనికా ఈత రాదు.

"కూర్మమ్మ తల్లీ, నువ్వే దిక్కు!"

కూర్మమ్మ తాపీగా దిగింది, తాపీగా మునిగింది, తాపీగా తాళంచెవితో తేలింది. ఈసారి ఆమె నడక గురించి ఎవరూ మాట్లాడలేదు.

గంట మోగింది. కోతులు ఒక్కొక్కరే వచ్చి కడవ అప్పగించారు. పదకొండు. పన్నెండోవాడు ఏటిగట్టున కడవ తలకింద పెట్టుకుని గుర్రు పెడుతున్నాడట!

"పోనీలే, వాణ్ణి వదిలెయ్" అన్నాడు రాజు తుమ్ముతూ.

"కుదరదు మహారాజా. నిద్ర లేవగానే మళ్లీ పోస్తాడు" అంది కూర్మమ్మ.

అందరూ నీళ్లలోనే నిలబడ్డారు, రాజుతో సహా. వాడు ఆవలిస్తూ వచ్చి కడవ ఇచ్చాకే తలుపు పడింది. అప్పటికి పొద్దు వాలిపోయింది.

"ధవళయ్యా, నువ్వడిగింది చెరువేగా?" అన్నాడు మృగరాజు జూలు పిండుకుంటూ. "ఇదిగో, ఆఫీసు ముందే తయారైంది. చేపలు వచ్చేదాకా కాపలా కాయి."

ధవళయ్య ఇప్పటికీ అక్కడే ఒంటికాలి మీద నిలబడి నీళ్లకేసి చూస్తున్నాడు.

నీతి: పనివాళ్లను వెనక్కి పిలవకుండా ఆఫీసు మూయదలచిన అధికారులు ముందుగా ఈత నేర్చుకుని, ఆ తర్వాతే తాళం వేయవలెను.