‘కానీ’ లేని కంపెనీ

అందరూ ఒకే మాట మీదుండే కంపెనీకి ఓటమి లేదట! గురుగ్రామ్‌లో ఈ మాట నమ్మనివారు లేరు. ఢిల్లీలోని మా ఆర్.కె. పురం పార్కులో సాయంత్రం నడిచే విశ్రాంత ఉద్యోగులు సైతం నమ్ముతున్నారు. జీవితమంతా ప్రయోగశాలలో సందేహాలతో కాపురం చేసిన నేనూ ఇక నమ్మదలచుకున్నాను.

కారణం, మా తమ్ముడి కూతురు హారిక పనిచేసే కంపెనీ. అక్కడ ‘నో-బట్ కల్చర్’ అమలులో ఉంది. మీటింగులో ఎవరూ ‘బట్’ అనరాదు. హిందీవారు ‘లేకిన్’ అనరాదు, తెలుగువారు ‘కానీ’ అనరాదు. నోరు జారినవారు లేచి నిలబడాలి; వారిలోని నెగెటివిటీ తొలగేదాకా మిగిలినవారు చప్పట్లు కొట్టాలి. ఎంత శాస్త్రీయం! ఒక సిద్ధాంతాన్ని నమ్మే ముందు దాన్ని పడగొట్టడానికి మేము ఏళ్ల తరబడి ప్రయత్నించేవాళ్లం. చప్పట్లతో పోయేదానికి అన్ని పరికరాలు ఎందుకు కొన్నామో!

ఇక ఈ సంస్కృతి కన్న వ్యూహం వినండి. ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కు చదివే పిల్లలకు ఏకాంతాన్ని అద్దెకివ్వడం! ఏకాంతమంటే ఒక మనిషి పట్టే ఇనుప పెట్టె. లోపల ఏసీ, కుర్చీ, బల్ల; బయటి శబ్దం చొరబడదు. ప్రాజెక్టు బాధ్యత హారికది.

హారిక అదే ముఖర్జీ నగర్‌లో రెండేళ్లు చదివింది. అక్కడి పిల్లల పాఠాలు సగం ఫోన్లలోనే నడుస్తాయని ఆమెకు తెలుసు. సగం మంది తెలుగువారే ఉన్న టీమ్ మీటింగులో చెయ్యెత్తింది.

“ప్లాన్ బాగుంది సార్, కానీ...”

“హారికా! మనోళ్లే ఇట్లంటే ఎట్లమ్మా? స్టాండప్!” అన్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన బాస్ దశరథ్.

చప్పట్లు మోగాయి. ప్లాన్ మెచ్చుకుంటూ “కానీయండి సార్!” అనబోయిన సహోద్యోగి సుహాస్‌నూ రెండో అక్షరం దగ్గరే పట్టుకుని నిలబెట్టారు. నిష్పాక్షికత అంటే అదీ!

ఆదివారం హారిక మా ఇంటికొచ్చి, “పెదనాన్నా, ఆ పెట్టె మునిగితే మునిగేది నా ఉద్యోగమే” అంది.

“చప్పట్లు కొట్టడం నేర్చుకో తల్లీ, ప్రమోషన్ వస్తుంది” అన్నాను. సాక్ష్యాధారాలు చూసే చెప్పాను.

ప్రారంభోత్సవం నాడు దశరథ్ స్వయంగా పెట్టెలో కూర్చుని తలుపు వేసుకున్నాడు. లోపలి నుంచి అందరికీ వీడియో కాల్ చేస్తానన్నాడు. బయట చేతులన్నీ చప్పట్లకు సిద్ధమయ్యాయి. కాల్ రాలేదు. చాలాసేపటికి ఆయనే బయటికి వచ్చాడు.

“లోపల సిగ్నల్ రాదని ముందే చెప్పాలి గదా ఒక్కరైనా?”

“చెప్పాను సార్,” అంది హారిక. “‘కానీ’ దాకా.”

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సోమవారం ఆమె చేత రాజీనామా చేయించారు. సందేహాన్ని సకాలంలో తెలియజేయకపోవడం ఆమె నేరమట! ఆ నిర్ణయానికి కూడా ‘కానీ’ అన్నవారు లేరు. కల్చర్ చెక్కుచెదరలేదు. అందరూ ఒకే మాట మీదున్నారు.

పెట్టెలో సిగ్నల్ ఇప్పటికీ రాదు.