యాభై దండ్

ఆ ఉదయం వెంకమ్మ పెట్టుకున్న పని ఒక్కటే, పెరట్లో బంతిపూలు కోసి బాసగూడ సంతకు పట్టుకెళ్ళడం. బుట్ట చేతికి తీసుకుందో లేదో ఫోను మోగింది. ఆవపల్లి నుంచి సుక్రాం సారు. సైనిక అకాడమీకి వెళ్ళాలనుకునే పిల్లలకు అక్కడి శిబిరంలో పరుగూ కసరత్తూ నేర్పే రిటైరైన హవల్దారు ఆయన. వెంకమ్మ కూతురు నవీన ఆ శిబిరంలోనే ఉంటోంది.

"నవీన ఆజ్ ఫిర్ లేట్! కల్ సుబహ్ సబ్‌కే సామ్‌నే పచాస్ దండ్. నహీ తో లిస్ట్ సే నామ్ కట్. ఆప్ భీ ఆయియే!" అని ఆయన ఫోను పెట్టేశారు.

వెంకమ్మకు సంత హిందీ కొట్టిన పిండి. పిల్ల మళ్ళీ ఆలస్యంగా లేచిందట. రేపు పొద్దున అందరి ముందూ యాభై దండలు కావాలట. లేకపోతే అకాడమీకి పంపే జాబితాలో పేరు కొట్టేస్తారట. తననూ రమ్మన్నారు. అన్నీ సరిగ్గానే అర్థమయ్యాయి, దండ్ ఒక్కటి తప్ప. నేల మీద బోర్లా వాలి అరచేతుల మీద లేవడాన్ని హిందీలో దండ్ అంటారని పాపం సంతలో ఎవరు చెబుతారు?

"ఆలస్యమైతే దండుగ కట్టిచ్చుకుంటరని ఇన్న గానీ, దండలు కట్టిచ్చుకునుడేందే?" అన్నాడు ఆమె భర్త రామయ్య.

"సారు మంచోడు, పూలతోనే పోనిచ్చిండు. నా బిడ్డ పేరు కొట్టేస్తరంటే నేను ఊకుంటనా?"

పెరటి పూలు పన్నెండు దండలకే అయిపోయాయి. వెంకమ్మ ఇల్లిల్లూ తిరిగింది. పక్కింటావిడ ముయె తన చెట్లన్నీ దులిపి ఇచ్చి, యాభై దండలంటే యాభై మంది సాబులు వస్తున్నట్టేనని తేల్చేసింది. సాబులు వస్తుంటే డోలు లేకపోతే ఎలాగని, ఊళ్ళో డోలు వాయించే హుంగా అటక మీది డోలు కిందికి దించాడు. డోలు ఉన్నాక ఆడేవాళ్ళు ఉండొద్దూ? పొద్దుగూకేసరికి దండలు యాభై అయ్యాయి, బయల్దేరేవాళ్ళు ముప్పై నలుగురయ్యారు, ట్రాక్టరు సిద్ధమైంది.

మర్నాడు ఉదయం క్యాడెట్లు మైదానంలో వరుసగా నిలబడ్డారు. నవీన ముఖంలో నెత్తురు చుక్క లేదు. దండ్‌లు తీస్తే ఎలాగో నలభై దాకా లాక్కొస్తుంది. "చాలీస్" అన్న మాట చెవిన పడిందా, అక్కడికక్కడే కూలబడుతుంది. యాభై ఒక్కనాడూ చూడలేదు. ఇంతలో డోలు మోతతో ట్రాక్టరు దిగింది. సారు నోరు తెరిచేలోపు ఏడు దండలు మెడలో పడ్డాయి.

"యే క్యా హై?"

"పచాస్ దండ్ సారూ! గిన్ లో!" అంది వెంకమ్మ, లెక్కపెట్టుకొమ్మని బుట్ట ముందుకు తోసి.

"అరే అమ్మాజీ, యే నహీ! దండ్! జమీన్ పర్!"

"నేల మీదనా? పూలదండలు నేల మీదెయ్యమంటరా ఎవరన్నా?"

నవీనకు తల కొట్టేసినట్టయింది. ఇంక దాచేదేముందని నేల మీదికి వాలి ఒక దండ్ తీసి చూపించింది.

"సారు అడిగింది ఇదే అమ్మా. నాకు నలభై కంటే రాదు."

"ఓసి, గింతేనా! నువ్వు లెక్క పెట్టకు బిడ్డా. ఒక్కో దానికి ఒక్కో దండ సారు మెడలేస్త. బుట్ట ఖాళీ అయితే యాభై. గంతే!"

వెంకమ్మ ఆ ఏడు దండలూ తీసి బుట్టలో పడేసింది. హుంగా డోలు అందుకున్నాడు. నవీన వాలుతోంది, లేస్తోంది. దండలు పడుతున్నాయి. పాతిక దాటేసరికి పూలలో సారు ముక్కు కూడా మునిగిపోయింది. పెద్దాయన ఊపిరాడక ఏమైపోతారోనని ముయె జాలిపడి, వెనక నుంచి దండలు తీసి మళ్ళీ బుట్టలో వేయసాగింది. ముందు నుంచి వెంకమ్మ వేయడం, వెనక నుంచి ముయె తీయడం. బుట్ట ఖాళీ కాదు, నవీన ఆగదు.

పూల వెనక సారు పెదవులు మాత్రం లెక్క తప్పలేదు. యాభై దాటింది. ఆయన ఆపలేదు, ఆపడానికి మనసొప్పలేదు. చివరికి పూలు పక్కకు తోసి, "బస్ బేటీ, బస్! అడ్‌సఠ్!" అని అరిచారు.

అరవై ఎనిమిది! ఆ శిబిరంలో అబ్బాయిలు కూడా అరవై దాటింది లేదు. సారు తన మెడలోంచి ఒక దండ తీసి నవీనకు వేశారు, ఇంకొకటి వెంకమ్మకు వేశారు. జాబితాలో మొదటి పేరు నవీనదేనని అందరూ వినేలా చెప్పారు. వెంకమ్మ కళ్ళు తుడుచుకుని జనం వైపు తిరిగింది.

"సూసిండ్రా? నా బిడ్డ!"

వారం తిరక్కుండా నవీన మళ్ళీ ఆలస్యంగా లేచింది. సారు ఫోనులో ఈసారి దండ్ మాటే ఎత్తకుండా, జాగ్రత్తగా దాని ఇంగ్లీషు మాట వాడారు.

"అమ్మాజీ, కల్ సుబహ్ సౌ పుష్-అప్!"

వెంకమ్మ ఫోను పెట్టేసి, రామయ్యను కేకేసి బుట్ట అందుకుంది.

"నూరు పుష్పాలంట మామా! విడిపూలే, ఈసారి గుచ్చే పని తప్పింది."