గౌతి తోమిన తోడు దండ

"మీ మామగారి ఓడ గాలి కోసం దీవి దగ్గర లంగరేసింది. ఎల్లుండికల్లా ఇక్కడుంటారు," అని పక్క పొలం హల్లా గుమ్మంలోంచే కేకేసింది. ఆ సంబరంలో యోరున్ చెయ్యి జారి, మొగుడు గౌతి నోటికి అందించబోయిన ఎండుచేప మీది వెన్న కాస్తా అతని గడ్డానికి అంటుకుంది. పెళ్ళయి నెల కాలేదు కాబట్టి ఇద్దరికీ అది కూడా నవ్వు తెప్పించింది.

అత్తగారు అస్‌గెర్డ్ నవ్వలేదు. నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తిని గలగలలాడించింది. "విన్నావుగా అమ్మాయ్. సముద్రం మీంచి వచ్చినాయనకు మొదటి కొమ్ముపాత్ర బీరు కొత్తకోడలే అందించాలి. అది బాగా పొంగిందా, ఈ గుత్తి నీది. పొంగలేదా, ఆయన పెరుగు తేట తాగుతాడు, ఊరు మనల్ని నమిలేస్తుంది."

బార్లీ కషాయం అప్పటికే తొట్టిలో చల్లారుతోంది. ఇక తోడు వెయ్యడమే మిగిలింది. ఆ ఇంట్లో బీరుకు తోడు అంటే చెక్కబిళ్ళల దండ. ప్రతిసారీ తొట్టిలో వేసి, తీసి, పొయ్యి పైన ఆరగడతారు. అత్తగారి అత్తగారి నాటి నుంచీ దాని మీద బీరును పొంగించే నల్లటి పొర పేరుకుంటూ వచ్చింది. బీరు కాచడం ఆడవాళ్ళ పని. అయినా యోరున్ "ఆ దండ కాస్త అందుకో" అనగానే గౌతి ఉత్సాహంగా దించాడు, ఎందుకో ఏటి ఒడ్డుకు కూడా వెళ్ళి చాలాసేపటికి తెచ్చిచ్చాడు.

తోడు వేసేటప్పుడు ఎంత గట్టిగా అరిస్తే బీరు అంత ఘాటుగా వస్తుందని ఆ ఉత్తరదేశపు తీరంలో నమ్మకం. పొగ కమ్మిన చీకటి గదిలో యోరున్ దండను తొట్టిలో పడేసి, మొగుడు వింటున్నాడని కాస్త ముద్దుగా అరిచింది.

మర్నాడు పొద్దున్న తొట్టిలో ఒక్క బుడగ లేదు. యోరున్ దండను పైకి తీసి గుమ్మం వెలుతురులో చూసింది.

"ఏమయ్యా, ఇదేంటి ఇంత తెల్లగా ఉంది?"

"బాగుందా? ఇసుకతో తోమాను," అన్నాడు గౌతి మురిసిపోతూ. "నీ మొదటి బీరులో ఆ మురికేంటని."

ఇంతలో అత్తగారు వచ్చి తొట్టిలోకి తొంగి చూసింది. "అనుకున్నాను. నిన్న పిల్లికూనలా అరిచావు. మళ్ళీ అరిచి చూడు."

మొగుణ్ణి పట్టివ్వడానికి యోరున్‌కు మనసొప్పలేదు. అరిచింది. తప్పు తనదేనని అప్పటికి అర్థమై గౌతి అంతకంటే గట్టిగా అరిచాడు. వీళ్ళిద్దరికీ అరవడం చేతకాదని అత్తగారూ గొంతు కలిపింది.

ఆ కేకలకు ఇంటి మీద ఎవరో దాడి చేశారనుకుని చుట్టుపక్కల వాళ్ళంతా గొడ్డళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. తన ఇంట్లో బీరు కలుపుతున్న హల్లా, నురగ కారుతున్న తెడ్డుతోనే దూకింది.

"ఎవరొదినా? ఎక్కడున్నారు?"

"ఎవరూ లేరు. బీరు పొంగడం లేదు."

"అందుకా ఈ గోల? అసలు అడుగు కలిపారా?" అంటూ హల్లా తన తెడ్డును అలాగే తొట్టిలో ముంచి గిరగిరా తిప్పింది.

ఆయుధాలతో వచ్చినవాళ్ళను ఉత్తి కడుపుతో పంపలేరు కదా. మామగారి కోసం దాచిన పొగవేసిన మేకతొడ, వెన్న, బార్లీ రొట్టెలు అన్నీ చెల్లిపోయాయి. చివరి రొట్టె విరుస్తుండగా హల్లా మొగుడు రేవు నుంచి రొప్పుతూ వచ్చాడు.

"మీ ఓడ ఒకరోజు ముందే వచ్చిందమ్మా. ఈ కేకలు విని, గొడ్డళ్ళు చూసి, ఇల్లు శత్రువుల పాలైందనుకుని వెనక్కి తిరిగి దీవి చాటుకెళ్ళిపోయింది."

యోరున్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే లోపల తొట్టి బుసబుసమంది. వెళ్ళి చూస్తే నురగ అంచు దాటి నేల మీదకు పాకుతోంది.

"చూశావా, అరుపంటే అదీ," అంది అత్తగారు. గుత్తి విప్పి కోడలి నడుముకు కట్టింది. యోరున్ ముందుగా ఇంట్లో ఉన్న తోముడు ఇసుకంతా కొట్లో పెట్టి తాళం వేసింది.

"రేపు పొద్దున్నే పడవేసుకెళ్ళి మీ నాన్నను తీసుకురా," అంది అస్‌గెర్డ్ కొడుకుతో. "కానీ నెమ్మదిగా తెడ్డెయ్యి. బీరు తేరుకోవాలి, నేను రొట్టెలు చెయ్యాలి."