మాయమైన స్టెల్లా డిజైన్స్ బోర్డు

"కృష్ణకి ఇటుపక్క గానీ అటుపక్క గానీ నేరమంటూ జరిగితే, దాని వాసన ముందు తగిలేది ఈ ముక్కుకే" అని ప్రకటించి, సొలొమోను ఆ ముక్కును చూపుడువేలితో తట్టుకుని, వెంటనే పెడబొబ్బలాంటి తుమ్ము తుమ్మాడు. కింద వాటాలో ఇల్లుగలావిడ వెంకటరత్నమ్మ ఎండుమిరపకాయల పోపు పెడుతోంది.

"పోయింది బోర్డు మావయ్యా. ఇక్కడ ఖూనీ ఏం జరగలేదు" అంది స్టెల్లా.

"జరగలేదని నువ్వెలా చెప్తావ్? ముందు బోర్డు పోద్ది. తర్వాత మనిషి పోతాడు. అంతర్జాతీయ ముఠాలు ఇలాగే మొదలెడతాయి."

సొలొమోను ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో టైమాఫీసు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు గోడ దూకి వచ్చారు అని పట్టుకోవడమే ఉద్యోగమంతా చేసిన పరిశోధన. రిటైరైన మర్నాడే విజిటింగ్ కార్డులు వేయించాడు. 'సొలొమోను, ప్రైవేట్ డిటెక్టివ్. బ్రాంచీలు: ఉయ్యూరు, మంగళగిరి. ఢిల్లీ దాకా క్లయింట్లు.' ఈ కార్డు అందని మనిషి పటమటలో లేడు. అందినవాళ్ళలో కేసు ఇచ్చినవాడూ లేడు.

ఇప్పుడు మేనకోడలే ఇచ్చింది. ఇవ్వక చస్తుందా?

స్టెల్లా ఇళ్ళ లోపలి అలంకరణకి కంప్యూటర్లో బొమ్మలు గీస్తుంది. మొన్న మార్చి దాకా ఒక బెంగుళూరు కంపెనీలో ఉద్యోగి. పన్నెంతో వాళ్ళే కోసుకుని, మిగిలింది జీతంగా వేసేవారు. ఆవిడ ఒక సంతకం పెట్టి ఊరుకునేది. ఏప్రిల్ రాగానే కంపెనీవాళ్ళు, "మీరింక ఉద్యోగి కాదు, మా స్వతంత్ర కాంట్రాక్టరు. శుభాకాంక్షలు" అని మెయిలు పెట్టారు. ఉద్యోగిగా పడుకున్న మనిషి కాంట్రాక్టరుగా లేచింది. లేచి చూసుకుంటే పీఎఫ్ లేదు, సెలవుల్లేవు, పన్ను లెక్కలన్నీ తన నెత్తిమీదే ఉన్నాయి. సరే, స్వతంత్రం వచ్చింది కదా అని ఇంకో కంపెనీ పని కూడా పట్టుకుంది. రెండూ కలిస్తే ఏడాది రాబడి హద్దు దాటుతుందని, జీఎస్టీ నంబరు తీసుకోక తప్పదని ఆడిటరు చెప్పాడు. ఈ నెలాఖరులోగా నంబరు రాకపోతే పని వేరేవాళ్ళకిస్తామని కొత్త కంపెనీ చెప్పింది.

దరఖాస్తు పెట్టింది. జీఎస్టీ ఆఫీసు నుంచి ఎవరో వచ్చి, పని జరిగే చోటు నిజంగా ఉందో లేదో చూసి ఫోటోలు తీసుకుంటారట. పేరున్న బోర్డు కనిపించాలట. అందుకని 'స్టెల్లా డిజైన్స్' అని నీలి అక్షరాలతో బోర్డు చేయించి గేటుకి కట్టింది. ఆదివారం మందిరానికి వెళ్ళొచ్చేసరికి అది లేదు. రెండోది చేయించి కట్టింది. కూరలకి వెళ్ళొచ్చేసరికి అదీ లేదు. ఆ పూట స్టెల్లాకి ఏడుపు ఒక్కటే తక్కువ. దొంగ దొరికేదాకా మూడోది కట్టినా దండగే అనుకుంది.

"అనుమానితులు ఎవరు?" అని సొలొమోను నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఇంట్లో కరెంటు లేదు. ఆ అద్దాల్లోంచి ఏమీ కనపడక స్టూలు తన్నుకున్నాడు.

"ఎవరూ లేరు మావయ్యా. వెంకటరత్నమ్మగారైతే నాకు అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం కూడా పెట్టిచ్చారు. పాపం నాతోపాటు వీధంతా వెతికారు."

"ఆవిణ్ణి జాబితాలోంచి కొట్టేశా. అలాంటి మహాతల్లి మీద అనుమానపడితే కళ్ళు పోతాయి. నేరం వల్ల లాభం ఎవరికి? అదీ ప్రశ్న. బోర్డు పోతే మళ్ళీ బోర్డు ఎవరు చేస్తారు?"

"బోర్డుల షాపాయన."

"దొరికాడు" అని సొలొమోను లేచాడు. షాపుకి వెళ్ళి, ఆదివారం ఎక్కడున్నావని ఆయన్ని గంటసేపు నిలదీశాడు. ఆయన ఓపిగ్గా అన్నీ విని, చివరికి డిటెక్టివుకో బోర్డు ఉంటే బావుంటుందని చెప్పి, ఆర్డరు తీసుకుని, అడ్వాన్సు కూడా పుచ్చుకున్నాడు.

మర్నాటి నుంచి సొలొమోను మారువేషంలోకి దిగాడు. వేసవి కాబట్టి ముంజలమ్మేవాడి వేషం. గేటుకి ఎదురుగా గోనెపట్టా పరిచి, తాటికాయల గెల ముందు పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని, కళ్ళద్దాలు మాత్రం తీయకుండా కూర్చున్నాడు. చిక్కేమిటంటే జనం నిజంగానే వచ్చేవారు. కత్తి పట్టడం తెలీక ఒక్కో కాయతో కుస్తీ పడుతుంటే, కొనడానికి వచ్చినవాళ్ళే కత్తి లాక్కుని, వాళ్ళవి వాళ్ళు కొట్టుకుని పోయేవారు.

మధ్యాహ్నాలు వెంకటరత్నమ్మ జాలిపడి అన్నం పెట్టేది. ముద్దపప్పు, గుమ్మడి వడియాలు.

"వడియాలు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా" అన్నాడు సొలొమోను కరకరలాడిస్తూ. "మామూలుగా పాతచీర మీద పెడతారు గదా, అడుగున ముడతలు పడతాయి. ఇవి చూడండి, అడుగు ఎంత నున్నగా ఉందో. ఈ కంటికి ఏదీ తప్పదండీ."

వెంకటరత్నమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇంకో నాలుగు వేయమంటారా అన్నయ్యగారూ?" అని ఎక్కడో చూస్తూ అడిగింది.

"వెయ్యండి" అని డిటెక్టివు సాక్ష్యాధారాలన్నీ నమిలి మింగేశాడు.

శుక్రవారం ఎండ మండిపోతుండగా ఒక కుర్రాడు బండి దిగి, హెల్మెట్ తీసి, మొహం తుడుచుకుని, గేటు వంక అటూ ఇటూ చూశాడు. తర్వాత ముంజలాయన దగ్గరికి వచ్చాడు.

"ఏవండీ, ఇక్కడ స్టెల్లా డిజైన్స్ ఎక్కడండీ?"

సొలొమోను చేతిలో కత్తి కింద పెట్టాడు. నేరస్థుడు నేరం చేసిన చోటికి తిరిగి వస్తాడని ఆయన ఎన్నాళ్ళుగానో నమ్ముతున్నాడు. మేనకోడల్ని కాపాడటం మొదటి కర్తవ్యం.

"అలాంటి వాళ్ళెవరూ ఇక్కడ లేరు బాబూ."

"స్టెల్లా అనే ఆవిడండీ. ఇంటి నంబరు ఇదే."

"ఈ వీధిలో పుట్టి పెరిగినవాణ్ణి. ఆ పేరు ఎప్పుడూ వినలేదు."

కుర్రాడు నిట్టూర్చి, ఫోనులో ఏదో నొక్కి, బోర్డు లేని ఆ గేటుని ఫోటో తీశాడు. ఫోటో తీయడం చూడగానే సొలొమోను ఇక ఆగలేకపోయాడు. గోనెపట్టా మీంచి లేచి, బండి తాళం లాగేసుకుని, "బోర్డుల ముఠా నాయకుడా, నీ ఆట కట్టు" అని కేక పెట్టాడు.

గోల విని స్టెల్లా మెట్లు దిగి వచ్చింది. వెంకటరత్నమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమిటండీ ఈ మనిషి?" అన్నాడు కుర్రాడు, మెళ్ళో గుర్తింపు కార్డు బయటికి తీస్తూ. "నా పేరు పవన్‌కుమార్. జీఎస్టీ ఆఫీసు నుంచి వచ్చాను."

స్టెల్లా గబగబా ముందుకొచ్చింది. "స్టెల్లాని నేనే సార్. పైన ఉంటాను, పనిచేసుకునేదీ అక్కడే."

"ఎదురుగా కూర్చున్న మనిషి అలాంటి వాళ్ళే లేరన్నాడు. బోర్డు లేదు. పైగా బండి తాళం లాక్కున్నారు. చోటు లేదని రాసేసి పోతానండీ. మీరు మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకోండి."

"మళ్ళీ అంటే నెల దాటిపోద్ది సార్, పని పోద్ది. బోర్డు కట్టాను సార్. రెండుసార్లు కట్టాను." ఇన్నాళ్ళూ కంపెనీ వెనకాల నిలబడి బతికిన మనిషి, మొదటిసారి తన పేరు తాను గేటు మీద రాసుకుంది. ఆ పేరు లేదంటే తనే లేనట్టు అనిపించి, నలుగురి ముందూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వెంకటరత్నమ్మ ఏదో అనబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తాళం తిరిగి ఇచ్చేసిన సొలొమోను మాత్రం ఓటమి ఒప్పుకునే రకం కాదు. "సార్, బోర్డు ఉండేది. దొంగ డాబా మీంచి వచ్చి, గేటు మీదికి దిగి, మళ్ళీ అదే దారిన పోయాడు. నిరూపిస్తాను. మీరక్కడే నిలబడి పైకి చూస్తూ ఉండండి" అని మెట్లెక్కి పరుగెత్తాడు.

"అన్నయ్యగారూ, డాబా మీదికొద్దు" అంది వెంకటరత్నమ్మ. ఆయన అప్పటికే పైనున్నాడు.

"ఇదిగో, దొంగ ఇలా పిట్టగోడ దగ్గరికి నక్కుతూ వచ్చాడు" అని పైనుంచి గొంతు వినబడింది. తర్వాత ఇంకో అడుగు వేసిన చప్పుడు, జర్రున జారిన చప్పుడు, "ప్రభువా" అన్న ఆర్తనాదం. పిట్టగోడ మీంచి ముందు వడియాలు వాన కురిసినట్టు కురిశాయి. వాటి వెనకాలే గాలిలో పల్టీలు కొడుతూ తెల్లటి పలక ఒకటి వచ్చి పవన్‌కుమార్ పాదాల ముందు వెల్లకిలా పడింది.

'స్టెల్లా డిజైన్స్' అని నీలి అక్షరాలు తళతళలాడాయి. రెండోది దాని పక్కన వచ్చి పడింది.

"అయ్యో, నా వడియాలు" అంది వెంకటరత్నమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది.



"మీరా పిన్నిగారూ?" అంది స్టెల్లా.

వెంకటరత్నమ్మ తలెత్తలేకపోయింది. "సంతకం పెట్టేటప్పుడు తెలీలేదమ్మా. తర్వాత ఉయ్యూరు నుంచి మా తమ్ముడు ఫోను చేసి, గేటుకి వ్యాపారం బోర్డు కడితే కరెంటోళ్ళు ఇంటి మీటరు తీసి షాపు మీటరు పెడతారు, బిల్లు కట్టలేక చస్తావ్ అన్నాడు. ఒక్కదాన్నే ఉంటున్నా గదా, భయమేసింది. నీ మొహం చూసి బోర్డు తీసెయ్యమని చెప్పలేకపోయా. సంబరంగా కట్టుకున్నావు. ఊరికే పడెయ్యబుద్ధి కాక, వెనకవైపు నున్నగా ఉందని..."

"నన్ను అడిగితే నేనే తీసేసేదాన్ని గదండీ" అంది స్టెల్లా. కోపం వచ్చింది. ఆ ముసలి మొహం చూస్తే కోపం నిలవలేదు. వంగి వడియాలు ఏరడం మొదలుపెట్టింది.

పవన్‌కుమార్ బోర్డు ఎత్తి, వడియాలు దులిపాడు. "అమ్మా, మీటరు సంగతి నాకు తెలీదు. అది కరెంటోళ్ళనే అడగండి. మాకు కావాల్సింది ఆవిడ పనిచేసే చోట బోర్డు. అది పై వాటా గుమ్మం. గేటుకెందుకు కట్టారు అసలు?"

స్టెల్లా బోర్డు అందుకుని, ఆయన్ని పైకి తీసుకెళ్ళింది. గుమ్మం పక్కన మేకుకి బోర్డు తగిలించింది. ఆయన గుమ్మాన్నీ, బల్లనీ, కంప్యూటర్నీ ఫోటోలు తీసి, "అన్నీ ఉన్నాయని రాస్తున్నానండీ" అన్నాడు. ఆవిడకి ఆ మాట ఉద్యోగం వచ్చిన రోజుకన్నా తియ్యగా వినిపించింది.

కిందికి దిగేసరికి సొలొమోను చొక్కా నిండా వడియాలతో, మునుపటి ధీమాతో ఎదురొచ్చాడు. "కేసు ఛేదించాను. ఎప్పుడైనా అవసరం పడితే సార్" అని కార్డు ఇచ్చాడు.

పవన్‌కుమార్ కార్డు శ్రద్ధగా చదివాడు. "బ్రాంచీలు కూడా ఉన్నాయా? ఢిల్లీ దాకా క్లయింట్లంటే రాబడి బాగానే ఉంటుందే. రిజిస్ట్రేషన్ తీసుకున్నారా?"

తన కేసుల గురించి ఎవరైనా అడుగుతారా అని సొలొమోను రిటైరైన నాటి నుంచీ కాచుకున్నాడు. అడిగినవాడు ఈ ఆఫీసువాడయ్యాడు. ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఉయ్యూరులో మా చెల్లెలుంటుంది సార్. మంగళగిరిలో మా అమ్మాయి. వెళ్ళొస్తుంటాను."

"మరి ఢిల్లీ?"

"ఓసారి రైల్లో ఢిల్లీ ఆయన చెప్పు పోతే వెతికాను. దొరకలేదు."

"అంటే మొత్తం కేసులు?"

"ఇదొక్కటే సార్. ఇదీ ఆవిడే ఒప్పేసుకుంది."

స్టెల్లాకి నవ్వొచ్చింది, దాంతోపాటే మనసు చివుక్కుమంది. "మా మావయ్య సార్. నాకోసం వారమంతా ఎండలో కూర్చున్నాడు" అంది. పవన్‌కుమార్ నవ్వు ఆపుకుంటూ కార్డు జేబులో వేసుకుని బండెక్కాడు.

వెంకటరత్నమ్మ లోపలికి వెళ్ళి, పెద్ద డబ్బా నిండా వడియాలు తెచ్చి సొలొమోను చేతిలో పెట్టింది. "మీ ఫీజనుకోండి అన్నయ్యగారూ."

బండి ఇంకా కదల్లేదు. సొలొమోను డబ్బాని తటాలున ఆవిడ చేతుల్లోకి తోసేసి, పవన్‌కుమార్‌కి వినబడేంత గట్టిగా అన్నాడు.

"ఫీజు అనకమ్మా. అన్నయ్యకి పెట్టానని చెప్పు, పుచ్చుకుంటా."